కొన్న ఫోను ఎవరిది?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని మాట్లాడమన్నప్పుడే కార్యదర్శిగారు ఒక షరతు పెట్టారు. "మీరు బడిపంతులుగా చేసినవారు, వదిలితే గంట కొట్టేదాకా చెప్తారు, అరగంటలో ముగించాలి" అన్నారు. సరేనన్నాము. మేము చెప్పబోయేది ఒక పాత ఫోను కథ. 2011లో అమెరికాలో చవగ్గా అమ్మిన ఫోను అది. గుంటూరులో కూర్చుని ఆ ఫోను గొడవ మనకెందుకని మీరు అడగవచ్చు. ఎందుకంటే, ఈ సంవత్సరం మన సంఘం తరఫున ఇంటరూ, డిగ్రీ చదివే ఆడపిల్లలకు ఫోన్లు కొనివ్వాలని కమిటీలో అనుకున్నారు. ఒక వ్యాపారి వచ్చి ఒక ధర చెప్పారు. మంచి ధరే. చవక మాట చెవిన పడగానే మన చెయ్యి జేబులోకి పోతుంది గదా! ఆ చెయ్యి బయటికి రాకముందే ఈ నాలుగు ముక్కలు మనవి చేద్దామనిపించింది.

మా పెద్దవాడు 2011 జనవరిలో చదువుకని టెక్సాస్ రాష్ట్రం వెళ్లాడు. డల్లాస్ నగరం పక్కన రిచర్డ్‌సన్ అనే ఊరు. మన తెలుగువాళ్లు, మన జమాత్‌వాళ్లు కూడా అక్కడ బాగానే ఉన్నారు. వెళ్లిన వారంలోనే ఫోను చేశాడు, ఎవరి ఫోనులోనుంచో. "అబ్బా, ఇక్కడ ఫోను తీసుకోవాలంటే ఐదొందల డాలర్లు డిపాజిట్ కట్టమంటున్నారు" అన్నాడు. అప్పటికి డాలరు 45 రూపాయలు. ఇరవైరెండు వేల పైచిలుకు! అది మా నెల పెన్షను కంటె ఎక్కువ. ఫోనుకు డిపాజిట్ ఏమిట్రా, వాళ్లకేం పోయిందని మేము కోప్పడ్డాము. కోప్పడినంత మాత్రాన డాలర్లు రాలతాయా?

తరువాత వాడు చెప్పగా చెప్పగా మాకు అర్థమైన సంగతి ఇది. ఆ రోజుల్లో అమెరికాలో ఫోను కొనడమంటే మనలాగా షాపులో డబ్బిచ్చి పట్టుకొచ్చుకోవడం కాదు. పెద్ద కంపెనీలు ఫోను అసలు ధరలో పెద్ద భాగం తామే భరించి, కొద్ది సొమ్ముకే చేతికిచ్చేవి. దానికి బదులుగా రెండేళ్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టాలి. 2010లో ఐఫోన్ 4 వచ్చినప్పుడు ఎటి అండ్ టి వారి దగ్గర 199 డాలర్లకే చేతికొచ్చేది. వినడానికి ఎంతో సొంపు. కానీ నెలకు 450 నిమిషాల మాటలకు 40 డాలర్లు, రెండు గిగాబైట్ల ఇంటర్నెట్టుకు మరో 25. పన్నులు, మెసేజీలు వేరే. మధ్యలో మానేస్తే 325 డాలర్ల జరిమానా. గడిచిన ఒక్కో నెలకు పదేసి డాలర్లు తగ్గిస్తారు, అంతే. వెరైజన్ వారైతే 2009 నవంబరు నుంచి ఆ జరిమానాను 350 చేశారు.

అన్నిటికంటె పెద్ద గోడ ఇంకొకటి ఉంది. కాంట్రాక్టు అంటే నమ్మకం మీద ఇచ్చే బాకీ గదా. ఇచ్చేవాడు మీ పాత లెక్కలు చూస్తాడు. ఇంతకుముందు ఎక్కడ అప్పు తీసుకున్నావు, సరిగా కట్టావా అని. ఇక్కడ ఒక తమాషా చూడండి: జన్మలో ఎవరికీ పైసా బాకీ పడనివాడికి అక్కడ విలువ లేదు. వాడి చరిత్ర ఖాళీ కాగితం. కొత్తగా వచ్చిన విద్యార్థి, రోజుకూలి, బ్యాంకు మొహం చూడని ముసలమ్మ, ఒకసారి జబ్బు చేసి ఆస్పత్రి బిల్లు ఎగగొట్టాల్సి వచ్చినవాడు, అందరూ ఒకే వరసలో నిలబడాలి. డిపాజిట్ కట్టు, లేదా పక్కకు జరుగు.

ఆ పక్కకు జరిగినవాళ్ల కోసం పుట్టిన కంపెనీలే క్రికెట్, మెట్రోపీసీఎస్, వర్జిన్ మొబైల్ వంటివి. క్రికెట్ అంటే మన ఆట కాదు లెండి, ఆ పేరుతో లీప్ వైర్‌లెస్ అనే సంస్థ 1999లో టెనెసీ రాష్ట్రంలోని చట్టనూగా ఊళ్లో మొదలుపెట్టిన ఫోను సర్వీసు. మెట్రోపీసీఎస్ ఆఫీసు మావాడున్న రిచర్డ్‌సన్‌లోనే ఉండేది. వర్జిన్ మొబైల్ అమెరికాలో 2002లో మొదలై, 2009లో స్ప్రింట్ కంపెనీ చేతికి పోయింది. వీళ్లందరి పద్ధతీ ఒక్కటే. సంతకం అక్కరలేదు, పాత లెక్కలు అడగం, ముందు డబ్బు కట్టు, నెల పొడుగునా మాట్లాడుకో. 2010 జనవరి నుంచి మెట్రోపీసీఎస్ వారు పన్నులన్నీ కలిపేసి నెలకు 40 డాలర్లనుంచి మొదలుపెట్టారు. బిల్లు చివర చిన్న అక్షరాల్లో ఏముందోనని బెదిరే బీదవాళ్లకు అది ఎంత ఊరటో మనకు తెలియంది కాదు.

అయితే ఈ చవక కంపెనీల్లో చాలాకాలం దొరికినవి మాట్లాడుకునే ఫోన్లే. ఇంటర్నెట్టు, మ్యాపులు, ఈమెయిలు ఉన్న తెలివైన ఫోను కావాలంటే పెద్ద కంపెనీ గుమ్మమే ఎక్కాలి. 2010, 2011 ప్రాంతాల్లో ఆ గుమ్మం కొంచెం వంగింది. ఆండ్రాయిడ్ వచ్చింది, చిప్పులు చవకయ్యాయి. 2010లో హువావే అసెండ్ అనే ఫోనును క్రికెట్ వారు కాంట్రాక్టు లేకుండా 150 డాలర్లకు పెట్టారు. ఆ వెంటనే కొరియా దేశపు ఎల్‌జీ కంపెనీవారి ఆప్టిమస్ వచ్చింది. మా కథ దీని గురించే.

ఆప్టిమస్ వన్ అనే ఒకే అచ్చులో ఎల్‌జీ వారు అమెరికాలోని ఒక్కో కంపెనీకి ఒక్కో ఫోను పోసిచ్చారు. పేరు చివర ఒక అక్షరం మారుతుంది. టి మొబైల్‌కు టి, స్ప్రింట్‌కు ఎస్, యూఎస్ సెల్యులార్‌కు యు, మెట్రోపీసీఎస్‌కు ఎం, క్రికెట్‌కు సి, వర్జిన్ మొబైల్‌కు వి. వెరైజన్ వారు మాత్రం అక్షరంతో సరిపెట్టుకోక వోర్టెక్స్ అని పేరు పెట్టుకున్నారు. ఒకే కుండలో వండిన అన్నాన్ని ఏడు విస్తళ్లలో వడ్డించినట్టు.

ఫోను చిన్నది. తెర మూడుంపావు అంగుళాలకు కాస్త తక్కువ. 600 మెగాహెర్ట్జ్ వేగం చిప్పు, 3.2 మెగాపిక్సెల్ కెమెరా, వెనక లైటు కూడా లేదు. ఆండ్రాయిడ్ 2.2. ఇప్పటి పిల్లలు వింటే నవ్వుతారు. కానీ అప్పట్లో జేబుకు బరువు కాని ఫోనులో దారి చూపే మ్యాపు, వైఫై, ఈమెయిలు ఉండటమే గొప్ప. వర్జిన్ మొబైల్ వారి ఆప్టిమస్ వి 2011 మొదట్లో 150 డాలర్లకు వచ్చింది. నెలకు 25 డాలర్లు కడితే 300 నిమిషాల మాటలు, మెసేజీలూ ఇంటర్నెట్టూ కావలసినంత.

లెక్క వేసి చూద్దాం, లెక్కలే మా వృత్తి. కాంట్రాక్టు ఫోను: 199 డాలర్లు, నెలకు 65 చొప్పున 24 నెలలకు 1,560. మొత్తం 1,759. ఆప్టిమస్ వి: 150, నెలకు 25 చొప్పున 24 నెలలకు 600. మొత్తం 750. పన్నులు రెండిటికీ పక్కన పెడదాం. రెండేళ్లలో తేడా వెయ్యి డాలర్లు దాటింది. మాటల నిమిషాలు తక్కువే, ఒప్పుకుంటాము, ఫోనూ ఆ స్థాయిది కాదు. అయినా వెయ్యి డాలర్లు వెయ్యి డాలర్లే. చేతికి 199కి వచ్చేది చవక అనిపిస్తుంది, 150కి వచ్చేది దానికి తమ్ముడిలా కనిపిస్తుంది. అసలు ధర నెలనెలా కట్టేదానిలో దాక్కుని ఉంటుంది.

మావాడు ఎం, సి, వి అక్షరాల్లో ఏదో ఒకటి కొన్నాడు. ఏదో చెప్పము, ఎందుకు చెప్పమో ముందుకు పోతే మీకే తెలుస్తుంది. ఆ ఏడు వేసవికి మేమూ మా బేగమూ వాడిని చూడడానికి వెళ్లాము. వాడి గదిలో నలుగురు కుర్రాళ్లు, ఒకటే కంప్యూటరు. ప్రొఫెసరుగారి ఉత్తరం ఆ చిన్న ఫోనులోనే చదివేవాడు. బస్సు ఎప్పుడొస్తుందో, రైలు స్టేషనుకు ఎటు పోవాలో దానిలోనే చూసేవాడు. ఒకనాడు మేము ముగ్గురం డల్లాస్ వెళ్లి దారి తప్పాము. మండు వేసవి, నీడనిచ్చే చెట్టు లేదు, అడగడానికి మనిషి లేడు. ఆ దేశంలో రోడ్డు మీద నడిచే మనుషులు తక్కువ. వాడు ఫోను తీసి, మ్యాపులో నీలం చుక్క చూపించి, "మనం ఇక్కడున్నాం అమ్మీ" అన్నాడు. బేగం ఆ చుక్కను చాలాసేపు చూసి, "అయితే గుంటూరు ఎక్కడుంది, అది కూడా చూపించు" అంది.

అలాంటివాళ్లు ఆ దేశంలో ఎందరో. ప్యూ అనే పరిశోధన సంస్థ 2011 మే నెలలో లెక్క తీస్తే అమెరికాలోని పెద్దవాళ్లలో వందకు 35 మందికి స్మార్ట్‌ఫోన్లున్నాయి. నల్లజాతివారిలో, లాటినోలలో అది 44. ఫోనున్నవాళ్లలో నాలుగోవంతు మంది ఇంటర్నెట్టు చూడడం ఎక్కువగా ఫోనులోనే అని చెప్పారు. కంప్యూటరు కొనలేనివాడికి ఫోనే కంప్యూటరు, ఫోనే పోస్టాఫీసు, ఫోనే ఉద్యోగాల దరఖాస్తు కౌంటరు అయింది. కాబట్టి ఈ చవక ఫోన్లను తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం మాకు లేదు. ఆ ఫోను లేకపోతే మావాడు మొదటి ఏడాది ఎలా నెట్టుకొచ్చేవాడో మేము ఊహించలేము.

ఇక దీనికి కట్టిన తాడు సంగతి.

తాళ్లు రెండు రకాలు. ఒకటి ఫోను లోపలే ఉండేది. చవక ఫోను గనక దాచుకునే చోటు తక్కువ పెట్టారు. ఆప్టిమస్‌లో యాప్‌లకు మిగిలేది 170 మెగాబైట్ల చిల్లర. ఆ ధర ఫోన్లన్నిటిలోనూ అదే తంతు. కొత్త యాప్ కావాలంటే పాతది తీసేయాలి. నమాజు వేళలు చెప్పేది ఉంచాలంటే నిఘంటువు పోవాలి. ఇది చిన్న ఇబ్బందే. పైగా మెమొరీ కార్డు పెట్టుకునే వీలుంది. ఫొటోలూ పాటలూ దాని మీద వేసుకోవచ్చు. ఆ కార్డు సంగతి చివర మళ్లీ వస్తుంది.

రెండో తాడు బయటిది. కంటికి కనపడదు. దాన్ని కాస్త నిదానంగా చెప్పాలి.

మన ఫోన్లలో సిమ్ కార్డు ఉంటుంది. మన నంబరు, మన ఖాతా ఆ చిన్న చిప్పులో ఉంటాయి. చిప్పు తీసి ఇంకో ఫోనులో వేస్తే ఆ ఫోను మనదవుతుంది. ఇంకో కంపెనీ చిప్పు వేస్తే అదే ఫోను ఇంకో కంపెనీతో పనిచేస్తుంది. కానీ క్రికెట్, మెట్రోపీసీఎస్, స్ప్రింట్ అప్పట్లో నడిపినది సీడీఎంఏ అనే పద్ధతి. అక్కడి ఆ ఫోన్లలో సిమ్ లేదు. ఫోను ఒంటి మీద ఉన్న ఒక నంబరును కంపెనీవారు తమ పుస్తకంలో రాసుకుంటారు. ఆ పుస్తకంలో పేరుంటేనే ఫోను మోగుతుంది. పాతకాలంలో మన రేషన్ కార్డు ఒక్క డీలరుకే కట్టి ఉండేది గుర్తుందా? ఆయన షాపు మూసి పెళ్లికి పోతే మన పొయ్యి వెలగదు. పక్క వీధి డీలరు దగ్గర బస్తాలు నిండా బియ్యమున్నా మనకు గింజ పెట్టడు. సరిగ్గా అదే. ఒక కంపెనీ ఫోనును ఇంకో కంపెనీ తన పుస్తకంలోకి తీసుకోవడం సాంకేతికంగా అసాధ్యమేం కాదు. మెట్రోపీసీఎస్ వారే 2008లో వేరే కంపెనీల సీడీఎంఏ ఫోన్లను తమ దగ్గర వాడుకునేలా మార్చిపెట్టే సేవ ఒకటి మొదలుపెట్టారు. అంటే ముడి విప్పడం వచ్చు, విప్పాలా వద్దా అన్నది ఫోను కొన్నవాడి చేతిలో లేదు.

ఇందులో విచిత్రం ఏమిటంటే, అదే ఆప్టిమస్ వన్ మన దేశంలోనూ అమ్మారు. పన్నెండు, పదమూడు వేల రూపాయలకు. దానికి సిమ్ ఉంది. ఇష్టమైన కంపెనీ చిప్పు వేసుకోవచ్చు. ఒకే తల్లి బిడ్డలు. ఇక్కడివాడు ఎక్కడైనా పనిచేసుకుంటాడు, అక్కడివాడు ఒకే యజమాని దగ్గర పాలేరు.

2012 వేసవిలో మావాడు సెలవుకు వస్తూ ఆ ఫోను తెచ్చాడు. వాడు వేరే ఫోను కొనుక్కున్నాడు, ఇది అమ్మీకిద్దామని. అమ్మినవాళ్లను అడిగితే "మీ డబ్బుతో కొన్నారు, ఎక్కడికైనా పట్టుకెళ్లండి" అన్నారట. మేము ముగ్గురమూ లాలాపేటలో ఒక ఫోను షాపుకు వెళ్లాము. షాపు కుర్రాడు వెనక మూత తీశాడు, బ్యాటరీ తీశాడు, తిప్పి తిప్పి చూశాడు. "సార్, సిమ్ము ఎక్కడ పెట్టాలండీ? దీనికి నోరే లేదు" అన్నాడు. బేగం మొహం చూడాలి! ఏడాదిన్నర అమెరికాలో దారి చూపించిన ఫోను గుంటూరులో మూగదైపోయింది. పట్టుకెళ్లమన్నవాడు అబద్ధం చెప్పలేదు లెండి. పట్టుకెళ్లనిచ్చాడు. పనిచేస్తుందని మాత్రం అనలేదు, మావాడు అడగనూ లేదు. ఆ షాపూ, ఆ కంపెనీ పేర్లు ఇప్పుడు తవ్వి లాభమేముంది? అక్షరం చెప్పకపోవడానికి కారణం ఇదే.

మనకు మాత్రం ఇది కొత్తా? 2003లో రిలయన్స్ వారి మాన్‌సూన్ హంగామా గుర్తు చేసుకోండి. 501 రూపాయలు ముందు కట్టి, మిగతాది వాయిదాల మీద. అంతవరకూ ఫోను అంటే షావుకారుగారి బల్ల మీద వస్తువు. ఒక్కసారిగా ఆటోడ్రైవర్లు, మేస్త్రీలు, మా బావమరిది వంటి చిన్న వ్యాపారులు "హలో" అన్నారు. ఆ ఫోన్లూ సీడీఎంఏవే. వాటిలో ఎల్‌జీ చేసినవీ ఉన్నాయి, వాటికీ నోరు లేదు. అది ఎంత మేలు చేసిందో చూశాము. 2017 డిసెంబరు నుంచి ఆ కంపెనీ మాటల సర్వీసే మానుకుంది. అదీ చూశాము.

అమెరికాలో ఆప్టిమస్‌కు ఏమైందో వినండి. మొదట ధర కదిలింది. వర్జిన్ మొబైల్ వారి 25 డాలర్ల ప్లాను 2011 జూలైలో కొత్తగా చేరేవాళ్లకు 35 అయింది. పాతవాళ్లకు పాత ధరే ఉంచారు, ఆ ప్లాను వదలనంత కాలం. 2012 మార్చి నుంచి "కావలసినంత ఇంటర్నెట్టు" అన్నదానికి ఒక గీత గీశారు. నెలలో రెండున్నర గిగాబైట్లు దాటితే వేగం తగ్గించేస్తారు. ఆ తరువాత కంపెనీలే చేతులు మారాయి. 2013 మే నెలలో మెట్రోపీసీఎస్ టి మొబైల్‌లో కలిసింది. 2014 మార్చిలో క్రికెట్‌ను ఎటి అండ్ టి కొనేసింది. ఏ పెద్ద కంపెనీల గుమ్మం దగ్గర పక్కకు జరగమన్నారో ఆ పెద్ద కంపెనీలే వచ్చి చవక కంపెనీలను కొన్నాయి. కొన్నవాళ్లకు కావలసింది చందాదారులు, గాలిలోని తరంగాలు. ఈ పాత సీడీఎంఏ తీగ కాదు. 2015లో రెండు చోట్లా దాన్ని ఆపేశారు. ఆ రోజుతో ఎం అక్షరం, సి అక్షరం ఉన్న ఆప్టిమస్‌లు మాట పోగొట్టుకున్నాయి. గాజు పగల్లేదు, బ్యాటరీ చావలేదు. పుస్తకం మూసేశారు, అంతే.

వి అక్షరం ఇంకొన్నాళ్లు మిగిలింది. 2020లో వర్జిన్ మొబైల్ చందాదారులను బూస్ట్ అనే ఇంకో కంపెనీకి మార్చారు. 2022లో స్ప్రింట్ సీడీఎంఏ కూడా ఆరిపోయింది. ఫోను చేసిన ఎల్‌జీ వారే 2021లో ఫోన్ల వ్యాపారం మానుకున్నారు. పోనీ వైఫై ఉంది గదా, ఇంట్లో పెట్టుకుని వాడుకుందామంటే, వాట్సాప్ 2016 చివరితో ఆండ్రాయిడ్ 2.2ను వదిలేసింది. 2021 సెప్టెంబరు 27 నుంచి అంత పాత ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఖాతా తెరవనివ్వడం లేదు. నాలుగు గోడలూ నాలుగు వేర్వేరు చేతులు కట్టాయి. వాళ్లలో ఒక్కరికీ ఈ ఫోను మీద కక్ష లేదు.

న్యాయం చెప్పాలంటే, పాత తీగ తీసేయడం తప్పని మేము అనము. ఆ తరంగాలతోనే కొత్త 4జీ నడిచింది. చందాదారులకు కొన్ని చోట్ల రాయితీ మీద కొత్త ఫోన్లూ ఇచ్చారు. ఫోను ధర్మం రెండు మూడేళ్లే అనేవాళ్లున్నారు. రెండేళ్లు నడిస్తే వెయ్యి డాలర్లు మిగిలిందని మేమే ఇందాక లెక్క చెప్పాము. మావాడు మోసపోయాడని కూడా అనము. వాడి అవసరం తీరింది. వాడికి ఆ వేళ ముడి లేని ఫోను కోసం ఎదురుచూసే తీరికా, సొమ్మూ లేవు. మా బాధల్లా ఒకటే: ముడి ఉందని కొనేనాడు వాడికి తెలియదు. తెలిసి కొంటే అది బేరం. తెలియక కొంటే?

ఇప్పుడు మన పిల్లల సంగతికి వద్దాము. ముడి పడ్డ ఫోన్లు మన దగ్గరా పోలేదు. 2017లో జియోఫోన్ వచ్చింది. 1,500 రూపాయల డిపాజిట్, జియో సిమ్ ఒక్కటే పనిచేస్తుంది. కొన్నవాళ్లకు ముందే తెలుసు గనక దానిలో దాపరికం లేదు. ఈ మధ్య ఇంకో రకం తాడు వచ్చింది. వాయిదాల మీద ఇచ్చే ఫోనులో ఒక తాళం పెడతారు. వాయిదా తప్పితే దూరాన్నుంచే తెర మూసేస్తారు. మన కమిటీకి ధర చెప్పిన వ్యాపారి తెచ్చిన కాగితాల్లో ఈ తాళం మాట ఉంది. ఆరో పేజీలో. మేము చదివి వినిపిస్తే ఆయన "అదేం ఫరవాలేదు మాస్టారూ, అందరూ కట్టేస్తారు" అన్నారు. ఇంటర్ అమ్మాయి హాల్‌టికెట్టు తీసుకోవలసిన పొద్దున వాళ్ల అబ్బా రెండు వందల యాభై కట్టలేదని తెర మూసుకుంటే? ఆ ఇంట్లో ఉన్న ఫోను అదొక్కటే అయితే?

కమిటీలో దీని మీద గట్టిగానే వాదన జరిగింది, దాచనక్కరలేదు. మన దగ్గరున్న సొమ్ముకు తాళం ఫోన్లయితే ముప్పై మంది పిల్లలకు మొదటి కిస్తీ కట్టగలం. తాళం లేనివి, ఏ సిమ్మయినా పట్టేవి, నగదుకు కొంటే ఇరవైరెండే వస్తాయి. "ఆ ఎనిమిది మందికి ఏం చెప్తారు మాస్టారూ?" అని ఖజాంచీగారు అడిగారు. మాకు వెంటనే జవాబు దొరకలేదు. మా ఇంటి కథే మాకు ఎదురు తిరిగింది. ముడి ఉన్న ఫోనే గదా మీవాడిని గట్టెక్కించింది, ఇప్పుడు ఈ పిల్లలకు వద్దంటారేమని ఒక యువకుడు అడిగాడు. బాగా అడిగాడు.

రెండు రాత్రులు ఆలోచించి మేము చెప్పేది ఇది. మావాడు ముందు డబ్బు కట్టి కొన్నాడు, వాయిదా బాకీ లేదు. ఒక నెల కట్టకపోతే మాటలు ఆగుతాయేమో గానీ, వైఫైలో చదువు ఆగదు. పైగా గదిలో ఇంకో ముగ్గురి ఫోన్లున్నాయి. ఒక కంపెనీకి కట్టిన ఫోను ఒక రకం, బాకీకి కట్టిన ఫోను ఇంకో రకం. మొదటిది ధరలో తేడా చూసుకుని, పిల్లకు ముందే చెప్పి ఇస్తే మాకు అభ్యంతరం లేదు. రెండోది మాత్రం సంఘం పేరు మీద ఇవ్వవద్దు. ఆ తాళంచెవి మన చేతిలో ఉండదు, పిల్ల చేతిలోనూ ఉండదు. అలాగే ఆ ఫోనుకు ఇంకెన్నేళ్లు కొత్త ఆండ్రాయిడ్, భద్రతా మార్పులు వస్తాయో వ్యాపారి చేత కాగితం మీద రాయించండి. నోటి మాట వద్దు.

మిగిలిన ఎనిమిది మంది పేర్లు కార్యదర్శిగారి దగ్గర ఉన్నాయి. మేము ఒక ఫోను ఖర్చు ఇస్తున్నాము, కాబట్టి ఇక ఏడుగురు. బయట బల్ల దగ్గర రసీదు పుస్తకం పెట్టారు.

అరగంట దాటిందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. మా ఆప్టిమస్ ఏమైందో చెప్పి దిగిపోతాము. అది ఇప్పటికీ మా బీరువాలో ఉంది. ఛార్జింగు పెడితే వెలుగుతుంది, 2.2 ఆండ్రాయిడ్, నెట్‌వర్కు లేదంటుంది. పోయిన రంజానుకు బీరువా సర్దుతూ బేగం దాని వెనక మూత తీసి మెమొరీ కార్డు బయటికి లాగింది. ఫోనులో ఏ పుస్తకానికీ కట్టుబడనిది అదొక్కటే గదా. మనవడు దాన్ని తన ఫోనులో వేసి చూస్తే, డల్లాస్ ఎండలో నిలబడి ఉన్న అమ్మీ ఫొటో ఉంది, మావాడు ఎప్పుడు తీశాడో మాకే తెలియదు. ఇంకా మా పెద్ద ఆపా, ఇప్పుడు లేదు, ఫోనులో మాట్లాడుతుంటే మావాడు పట్టిపెట్టుకున్న మూడు నిమిషాల గొంతు ఉంది. "బేటా, అన్నం తింటున్నావా" అని అడుగుతుంది. ఆ కార్డు ఇప్పుడు బేగం ఫోనులో ఉంది.